దాస్యవిమోచనము – వాఙ్మయము

భారతమున నాదిపర్వమునందలి గరుడోపాఖ్యానము మన చదువరులెల్లరు నెఱిగినదే. వినత తన సవతియగు కద్రువతో పందెము వేసి, యోడి, యామెకు దాసి యయ్యెను. ఆ పందెము మోసపు పందెము. తెల్లని గుఱ్ఱమునకు తోక నల్లగా కనబడుటకై కద్రువ కొడుకులగు పాములు దానిని చుట్టుకొని వ్రేలాడెను. గరుడుడు పుట్టెను, ఱెక్కలు వచ్చెను, ఆకాశమంతయు తిరుగగల బలము వచ్చెను. అయినను పాములను వీపున మోయుచు, అవి పొమ్మన్న చోటికి పోవుచుండెను. ఒకనాడు తల్లిని సమీపించి, నేను వీరి నేల మోయవలెనని యడిగెను. ఆ ప్రశ్న పుట్టువఱకు నాతని బలము పాముల సొత్తు. ప్రశ్న పుట్టిన పిమ్మట పందెపు కథ తెలిసెను. విడుదలకు వెల యేమో తెలిసెను. తక్కినది ఱెక్కల పని.

దాస్యమును రూపుమాపుటకై లోకమున జరిగిన యుద్యమములలో వాఙ్మయము చేసిన పని యంతయు నీ ప్రశ్నయందే యిమిడియున్నదని మా యభిప్రాయము. పుస్తకము సంకెలను తెంపదు. చట్టము తెంపును, ఒకానొకచోట యుద్ధము తెంపినది. కాని సంకెలను సంకెల యని పిలుచువారు లేనిచోట చట్టము కాగితముపై నిద్రించును. ఈ సంగతిని మేము దూరదేశముల చరిత్రనుండి మాత్రమేగాక మా కోయిలకుంట్ల సీమనుండియు నేర్చుకొంటిమి. దీనినే యీ పాఠమున వరుసగా విచారింతము.

1. మాటల సాక్ష్యము

ముందుగా మన భాషనే పరీక్షింతము. బానిస, దాసి, తొత్తు, లెంక, వెట్టివాడు, పాలేరు, జీతగాడు – ఇన్ని మాటలున్న జాతి, మాకు దాస్యమను నాచారమే లేదని చెప్పుకొనుట సత్యము కాదు. ఈ మాటలలో కొన్ని నిఘంటువులలో నిలిచిపోయినవి. కొన్ని నేటికిని నోట నాడుచున్నవి. తొత్తుకొడుకను తిట్టు నెఱుగని పల్లె కలదా? తొత్తనగా బానిసయగు స్త్రీ. ఆమెను కొన్నవానిని మన భాష తిట్టలేదు. ఆమె కన్న బిడ్డను తిట్టినది. తప్పు చేసినవానిని విడిచి, దాని ఫలమనుభవించినవానిని నిందించుట దాస్యమున్న భాష లన్నిటికి నలవాటు.

జీతగాడను మాట మఱియొక విధమైనది. జీతమనగా చేసిన పనికి ముట్టు ప్రతిఫలము. వినుటకు గౌరవముగల మాట. మా సీమలో పూర్వము ఉగాదికి జీతగాండ్రను కుదుర్చుకొనెడివారు. పేదవాడు బిడ్డ పెండ్లికో, తండ్రి కర్మకో, కఱవునాట గింజలకో ముందుగా కొంత సొమ్ము తీసికొని, యేడాదిపాటు ఆసామి యింట నుండుటకు కుదురును. ఏడు తిరిగి వచ్చునప్పటికి సొమ్ము చెల్లదు, వడ్డీ పెరుగును, మఱియొక యుగాది వచ్చును. ఇట్లు జీతమను పేర జీవితమే పోవును. పేరు మర్యాదగా నున్నప్పుడు లోని వస్తువును చూచుటకు కన్ను రాదు.

దాసుడను మాటకు మన భక్తివాఙ్మయమున గొప్ప పదవి కలదు. భగవంతునికి దాసుడనని చెప్పుకొనుటకంటె భక్తునికి వేఱు బిరుదము లేదు. కాని పరమేశ్వరునకే దాసుడనని యొకడు చెప్పినచో, మఱి యే మానవునకును దాసుడను కానని చెప్పినట్లే. ఆ రెండవ యర్థమును మనవారు తఱచుగా మఱచిరి.

2. కన్నీరు చాలదు

మన ప్రాచీన వాఙ్మయమున దాస్యమునుగూర్చిన కథలు లేకపోలేదు. అన్నిటికంటె ప్రసిద్ధమైనది హరిశ్చంద్రుని కథ. గౌరన పదునైదవ శతాబ్దమున దానిని ద్విపదకావ్యముగా రచించెను. ఇరువదవ శతాబ్దమున బలిజేపల్లి లక్ష్మీకాంతకవి నాటకము తెలుగుదేశమున ఊరూర నాడబడెను. ఋణము తీర్చుటకై రాజు కాశీపురవీధిలో భార్యను కాలకౌశికునకు నమ్మెను. తాను వీరబాహునకు అమ్ముడుపోయి కాటికాపరి యయ్యెను. అప్పు వసూలుచేయుటకు వెంటనంటిన నక్షత్రకుడు తెలుగువారికి సామెత యయ్యెను. విడువక పీడించు ఋణదాతను నేటికిని నక్షత్రకుడనియే పిలుతుము.

ఈ నాటకము తెల్లవార్లు జరుగుచుండగా కన్నీరు పెట్టనివా రుండరు. అయినను విచారింపుడు. ప్రేక్షకులు దేనికొఱకు దుఃఖింతురు? అమ్ముడుపోయినవాడు రాజగుటచే దుఃఖింతురు. మనుష్యుని నమ్ముటకు కాశిలో అంగడి యుండుట యేమి యని యెవ్వరు నడుగరు. కాలకౌశికుడు క్రూరుడని కోపింతురేగాని, మంచివాడైనను మనిషిని కొనవచ్చునా యని తలపరు. తుదకు దేవతలు ప్రత్యక్షమై రాజ్యము నిత్తురు; అంగడి మాత్రము యథాప్రకారముగా నుండును. తెల్లవాఱిన పిదప ఆసామి కన్నులు తుడుచుకొని యింటికి పోయి, పందిరి క్రింద పండుకొన్న జీతగానిని లేపి కాడి కట్టుమనును. ఆ జీతగాడును ఋణమునకే యమ్ముడుపోయినవాడు. వానికి నక్షత్రకుడు కలడుగాని, దేవతలు లేరు.

ఈ మాట హరిశ్చంద్రకథను తక్కువచేయుటకు చెప్పినది కాదు. ఆ కథ సత్యవ్రతమును బోధించుటకు పుట్టినది. ఆ పని చక్కగా చేయుచున్నది. దాస్యమును ప్రశ్నించు పనిని భారతమున ద్రౌపది చేసినది. ధర్మరాజు ముందుగా తన్ను నోడెనా, నన్ను నోడెనా యని సభకు వచ్చిన దూతద్వారా యడిగించెను. తన్ను కోల్పోయినవానికి మఱియొకరిపై నధికార మెక్కడిది? సభలో పెద్దలు ధర్మము సూక్ష్మమనిరి, వికర్ణుడు ఆమె పక్షమున పలికెను. పిమ్మట ధృతరాష్ట్రుడు వరము కోరుమనగా, ఆమె తన కుమారుడు ప్రతివింధ్యుని లోకము దాసపుత్రుడని పిలువకుండునట్లు ధర్మరాజును దాస్యమునుండి విడిపింపుమని కోరెను. దాస్యము ఒకనితో పోదు, వాని బిడ్డను పట్టుకొనునని యామె యెఱుగును. మన పెద్దలు ద్రౌపది వస్త్రమునుగూర్చి పాడినంతగా, ఆమె ప్రశ్ననుగూర్చి పాడలేదు.

3. అక్షరము ముందు, చట్టము వెనుక

ఇక పశ్చిమదేశముల ననుసరింతము. ఇంగ్లండున దాస్యవ్యాపారమునకు విరుద్ధముగా 1787లో లండనునగరమున నొక సంఘము స్థాపింపబడెను. దానికి రెండేండ్లు ముందు, తామసు క్లార్క్‌సను అను యువకుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున బహుమానమునకై, ఇష్టములేనివారిని బానిసలుగా చేయుట న్యాయమా యను విషయముపై లాటినుభాషలో వ్యాసము వ్రాసెను. బహుమానము వచ్చెను, కాని వ్రాసినదానిని మఱచుట యాతనికి సాధ్యము కాలేదు. వ్యాసము నింగ్లీషున ప్రకటించి, తన జీవితమునే యా పని కర్పించెను. పరీక్షకై వ్రాసిన కాగితము వ్రాసినవానినే మార్చిన దృష్టాంత మిది.

1789లో ఒలౌడా ఎక్వియానో తన జీవితచరిత్రమును ప్రకటించెను. ఈతడు బాల్యమున నపహరింపబడి యమ్ముడుపోయిన యాఫ్రికావాడనని తన గ్రంథమున చెప్పుకొనెను. 1766లో తన సొమ్ముతో తన్ను తానే కొనుకొని స్వతంత్రుడయ్యెను. అంతవఱకు బానిసలనుగూర్చి యెక్కువగా నితరులే వ్రాసిరి. ఇప్పుడు బానిసగా నుండినవాడే వ్రాసెను. మనుష్యుడు కాడని యెవనిని లోకమనెనో, వాడు కలము పట్టి వ్రాసిన పుట యే తర్కమునకు లోబడును? 1791లో విలియము ఫాక్సు వ్రాసిన చిన్నపుస్తకము మఱియొక విధముగా పనిచేసెను. బానిసలు పండించిన పంచదారను మానుడని యది బోధింపగా, అనేక కుటుంబములు పంచదారను విడిచిరి. ఇంటింట వంటశాలలో ప్రశ్న పుట్టెను.

దీని ఫలముగా 1807లో దాస్యవ్యాపారమును, 1833లో దాస్యమును నిషేధించుచు చట్టములు వచ్చెను. రెండవ చట్టము 1834 ఆగస్టు 1 నుండి యమలయ్యెను. అప్పుడును న్యాయము సంపూర్ణము కాలేదు. రెండుకోట్ల పౌనుల పరిహారము యజమానులకు ముట్టెను. బానిసలకు కాసైనను ముట్టలేదు. పైగా వారు శిష్యరికమను పేర 1838 వఱకు పాత యజమానులకే పనిచేయవలసివచ్చెను. పేరు మార్చి పని సాగించుట సర్వత్ర కలదని దీనివలన తెలియును.

అమెరికాలో ఫ్రెడరికు డగ్లసు చరిత్రము 1845లో వెలువడెను. ఈతనికి బాల్యమున యజమానురాలు అక్షరములు నేర్పుచుండగా, ఆమె భర్త వారించి, చదువు వచ్చినవాడు బానిసగా నుండుటకు తగడనెను. ఆ మాట చాటున విన్న బాలునకు విడుదలకు త్రోవ యేదో తెలిసిపోయెను. ఆ దేశమున దక్షిణరాష్ట్రములు పెక్కు బానిసలకు చదువు నేర్పుటను నేరముగా విధించుటకు కారణ మిదియే. హారియెటు బీచరు స్టోవమ్మ రచించిన టాము మామ కథ 1851లో పత్రికలో వెలువడ నారంభించి, 1852లో గ్రంథమై, ఆ యేడే అమెరికాలో మూడులక్షల ప్రతులు చెల్లెను. దాస్యమును సమర్థించు నవలలను ప్రతిపక్షమువారును వ్రాసిరి. కావున వాఙ్మయ మనునది తనంత తానుగా ధర్మపక్షమున నుండదు. వ్రాయువారు నిలిచిన పక్షముననే యుండును. తుదకు మహాయుద్ధము జరిగి, 1865లో రాజ్యాంగమునకు పదుమూడవ సవరణచే దాస్యము రద్దయ్యెను.

4. మన దేశమున క్రమము తలక్రిందులయ్యెను

1833వ సంవత్సరపు చట్టము కుంపిణీ యేలుబడిలోనున్న హిందూదేశమునకు వర్తింపలేదు. ఆ చట్టము రాజామోదము పొందిన దినములలో రామమోహనరాయలవారు ఇంగ్లండుననే యుండిరి. తరువాతి నెలలో బ్రిస్టలునగరమున పరమపదించిరి. వారి మిత్రుడగు విలియము ఆడము ఈ లోపమును విడువలేదు. ఈ ఆడము క్రైస్తవ మతబోధకుడుగా వంగదేశమునకు వచ్చి, రాయలవారి సహవాసముచే నేకేశ్వరవాది యైనవాడు. ఆయన 1840లో హిందూదేశమునందలి దాస్యపు చట్టమును ఆచారమును వివరించుచు, దాస్యవిమోచనోద్యమనాయకుడగు బక్స్‌టనునకు లేఖల రూపమున నొక గ్రంథము ప్రకటించెను. దాస్యము మా దేశమున లేదు, ఉన్నను మృదువైనదని యనువారికి ఆ గ్రంథము ప్రత్యుత్తరము.

1843లో ఐదవ చట్టము వచ్చెను. దానిలో నాలుగు విషయములు కలవు. పన్నుబాకీకిగాని కోర్టుతీర్పునకుగాని యే యధికారియు మనుష్యుని బానిసయని యమ్మరాదు. బానిసపై హక్కును ఏ న్యాయస్థానమును అంగీకరింపరాదు. బానిస యనెడు కారణమున ఎవ్వని యాస్తిని తీసికొనరాదు. స్వతంత్రునిపట్ల నేరమైన కార్యము బానిసపట్లను నేరమే. చూచితిరా, బానిసను విడువుమని యీ చట్టము యజమానుని శాసింపలేదు. అతడు కోర్టునకు వచ్చినచో సహాయము చేయమనెను. కావున దాని ఫలము బానిసకు ఆ సంగతి తెలియుటపై నాధారపడియుండెను. మనుష్యులను బానిసలుగా కొనుట, అమ్ముట స్పష్టముగా నేరమైనది 1860లో నిర్మితమై 1862 జనవరి 1 నుండి యమలైన శిక్షాస్మృతివలన. ఈ మధ్యలో, 1859లో, ముందుసొమ్ము తీసికొని పని మానిన కూలివానిని శిక్షించు చట్టము పుట్టి, 1925లో దానిని రద్దుచేయు చట్టము వచ్చువఱకు నిలిచెను. ఒకచేత విడిచినదానిని రెండవచేత పట్టుట యనగా నిదియే.

ఇప్పుడు మా యూరిని చూడుడు. 1800లో నైజాము కుంపిణీకి దత్తముచేసిన మండలములలో కోయిలకుంట్ల ప్రాంతమును కలదు. ఐదవ చట్టము వచ్చిన నాలుగేండ్లకు, 1847 ఫిబ్రవరి 22న, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కుంపిణీవారు కోయిలకుంట్లలో నురిదీసిరి. ఆయన శిరస్సును 1877 వఱకు కోటపై వ్రేలాడదీసి యుంచిరి. ఆ వీరునిపై జనులు పాటలు కట్టిరి. మా సీమ పల్లెలలో తరతరములుగా పాడిరి. 1866వ సంవత్సరపు కఱవున అన్నార్తులకు గంజిపోసి ప్రాణములు నిలిపిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిపైనను పాటలు కలవు. ఇరువురును పాటకు తగినవారే. కాని, మనుష్యుడు మనుష్యుని సొత్తు కాడని చెప్పిన చట్టముపై నొక పాటయైనను మాకు వినబడలేదు. గంజి పోసిన దాతను పాట మఱువలేదు; గంజి కడవలు మోసినవాని పేరు పాటలో లేదు. తిండిలేక తన్ను తాను కుదువబెట్టుకొన్నవాని కథ యసలే లేదు.

ఇంగ్లండున అక్షరము ముందు నడచెను, చట్టము వెనుక వచ్చెను. తెలుగుదేశమున చట్టము ముందు వచ్చి, అక్షరముకొఱకు దాదాపు ఎనుబదియేండ్లు నిరీక్షించెను. వ్యాధి యంతయు నిందే యున్నది.

5. అక్షరము మేల్కొనుట

ఇతర ప్రాంతములలో కొందఱు ముందుగా మేల్కొనిరి. మహారాష్ట్రమున జోతిరావు ఫూలే 1873లో గులాంగిరి యను గ్రంథము ప్రకటించి, నీగ్రోదాస్యమును రద్దుచేసిన అమెరికా ప్రజలకు దాని నంకితమిచ్చెను. దూరదేశపు విమోచనమును మెచ్చుటయేగాక, మన యింట నట్టిదే కలదని చూపుట యా యంకితముయొక్క భావము. వంగదేశమున సాధారణ బ్రహ్మసమాజమువారగు ద్వారకానాథ గంగోపాధ్యాయులును రామకుమార విద్యారత్నమును అస్సాము తేయాకుతోటలకు పోయి, ఒప్పందమను పేర కూలీలు పడు దాస్యమును కన్నులార చూచి వ్రాసిరి. విద్యారత్నముగారి కులీకాహిని 1888లో వెలువడెను. ఇంటియొద్ద కూర్చుండి దయ తలచుటకును, పోయి చూచి వ్రాయుటకును గల భేదమును వీరు చూపిరి.

తెలుగున ఈ కార్యము ముందుగా బాలికల విక్రయమునుగూర్చి యారంభమయ్యెను. కన్యాశుల్కమునకు శాస్త్రులు వివాహభేదములలో నేదో యొక పేరు పెట్టుచుండగా, గురజాడ అప్పారావుగారు దానికి విక్రయమని పేరు పెట్టిరి. నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో ముద్రితమయ్యెను. ఆ పీఠికలో వారొక లెక్క చూపిరి. విజయనగర మహారాజు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను బ్రాహ్మణకుటుంబములలో లెక్కింపించగా, 1034 వివాహములు తేలెను. వానిలో ఐదేండ్ల బాలికలు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది శిశువులు 3. నాటకమున మనము నవ్వుదుము. పీఠికలోని యంకెలను చూచిన పిదప ఆ నవ్వు గొంతులో నిలిచిపోవును. నవ్వును లెక్కను ఒకే గ్రంథమున చేర్చుట గొప్ప యుపాయము.

పొలములోని దాస్యమును పేరుపెట్టి పిలిచినది ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి మాలపల్లి. దీనిని వారు రాయవేలూరు చెఱసాలలో రచించిరి; 1922లో వెలువడెను. మాలకులమున పుట్టిన రామదాసు ధర్మపరుడు. ఆతని కుమారుడు సంగదాసు చౌదరయ్య యింట పాలేరు. కూలివారికి న్యాయమైన కూలి యడుగుటచే చౌదరయ్య చేతిదెబ్బకు సంగదాసు ప్రాణము విడుచును. హరిశ్చంద్రుని కథలో రాజు బానిస యయ్యెను. ఇచ్చట పాలేరే కథానాయకు డయ్యెను. ఈ యొక్క మార్పుచేత తెలుగు వాఙ్మయము దిక్కు మార్చుకొనెను. సంగదాసు యజమానుని కుమారునకు స్నేహితుడగుటయు, చౌదరయ్యను రాక్షసుడుగాగాక మనలో నొకనిగా చిత్రించుటయు గమనింపదగినవి. ఆ గ్రంథమును మదరాసు ప్రభుత్వము నిషేధించెను. చట్టము చేసిన ప్రభుత్వమే, చట్టముయొక్క యర్థమును చెప్పిన గ్రంథమును భయపడెను.

అయినను మాలపల్లిని వ్రాసినవారు మాలపల్లెవారు కారు. స్టోవమ్మకు పిమ్మట కాదు, ముందే ఎక్వియానో డగ్లసులు వ్రాసిరి. మన దేశమున ఆ వరుసయు తిరుగబడెను. తరువాత గుఱ్ఱము జాషువ తన దుఃఖమును తానే పలికి 1941లో గబ్బిలమును ప్రకటించెను. బోయి భీమన్న స్వాతంత్ర్యమునకు పూర్వమే పాలేరను నాటకము వ్రాసెను. దానిలో పాలేరునకు విమోచనమార్గము చదువు. ఆయన తన యాత్మకథకు పాలేరునుండి పద్మశ్రీ వఱకు అని పేరుపెట్టెను. గరుడుడు తన నోటితో తానే ప్రశ్న యడిగిన దినము లివి.

6. మా పెట్టెలోని పత్రము

ఇంతవఱకు లోకపు సంగతి చెప్పితిమి. ఇక మా యింటి సంగతి యొకటి చెప్పక యీ పాఠమును ముగించుట న్యాయము కాదు.

మా యింట పూర్వుల కాలమునాటి చెక్కపెట్టె యొకటి యుండెడిది. దానిలో మా పెద్దలలో నొకరు స్వహస్తముతో భాగవతపద్యములను వ్రాసికొన్న పుస్తకము కలదు. గుండ్రని, ముచ్చటయైన దస్తూరి. గజేంద్రమోక్షమును వారు మిక్కిలి శ్రద్ధతో, ఒక్క కొట్టివేతయైన లేక వ్రాసికొనిరి. ఆ పుస్తకము క్రిందనే నాలుగుమడతల పత్ర మొకటి దొరికెను. కుమారుని పెండ్లికై తీసికొన్న సొమ్మునకు వడ్డీక్రింద తాను జీతమునకుండునట్లును, తాను లేనిచో ఆ కుమారుడే యుండునట్లును ఒకడు వ్రాసియిచ్చిన పత్రమది. వ్రాసియిచ్చె నంటిమి, వాడు వ్రాయలేదు. నడుమ వాని వ్రేలిముద్ర. క్రింద సాక్షుల చేవ్రాళ్లు. వెనుక చెల్లు ఒక్కటియు లేదు. తేదీ 1843 తరువాతిది, 1862 తరువాతిదియు. దస్తూరి గజేంద్రమోక్షమును వ్రాసికొన్న ఆ దస్తూరియే.

మేము చాలసేపు ఆ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచితిమి. మొసలి పట్టునుండి యేనుగు విడుదలకు కన్నీరు పెట్టిన చేయి, అదే సిరాతో మనుష్యుని పట్టుకొనెను. ఆయన క్రూరుడు కాడు. ఊరివారు మెచ్చిన సజ్జనుడు. ఆయనకు లోపించినది దయ కాదు; ప్రశ్న. దాస్యమును నిలిపినది కొరడా మాత్రమే కాదు. ముత్యములవంటి అక్షరములును నిలిపినవి. చదువుకొన్న మనమే యా అక్షరములను వ్రాసితిమి. కావున వాఙ్మయము దాస్యమును తొలగించెనని గర్వించుటకు ముందు, వ్రాత దాస్యమున కెంత సేవచేసెనో యొప్పుకొనవలెను. ఆ పత్రమును మేము చింపలేదు. పద్యముల పుస్తకముతోడనే యుంచితిమి. మా పిల్లలకు రెండును చూపుచున్నాము.

7. నేటి కర్తవ్యము

1950లో అమలైన రాజ్యాంగము ఇరువదిమూడవ యధికరణమున వెట్టిని, నిర్బంధశ్రమను నిషేధించెను. 1976వ సంవత్సరపు వెట్టికార్మికపద్ధతి రద్దుచట్టము 1975 అక్టోబరు 25 నుండియే యమలైనట్లు భావింపబడును. అది వెట్టి ఋణముల నన్నిటిని చెల్లినట్లే ప్రకటించెను. ఇది వెట్టి ఋణమని కార్మికుడు చెప్పినచో, కాదని ఋజువుచేయు భారము అప్పిచ్చినవానిదే. 1982లో సుప్రీముకోర్టు, కనీసకూలికి తక్కువ యిచ్చి పనిచేయించుటయు నిర్బంధశ్రమయేనని తీర్పు చెప్పెను. 1843వ సంవత్సరపు చట్టము మూగది, ఇవి నోరుగలవి. అయినను ముందుసొమ్మిచ్చి ఇటుకబట్టీలకు కుటుంబములను గొనిపోవు పద్ధతి యింకను మన కన్నులయెదుట కలదు. అచ్చట జీతగాడను పేరు లేదు. బయానా యను పేరు కలదు. పేరు మాఱినప్పుడెల్ల వాఙ్మయమునకు మఱల పని కలుగును.

ఆ పనిలో మొదటిది అక్షరదానము. వ్రేలిముద్ర వేయువానికి పత్రము చదువ నేర్పుటకంటె గొప్ప విమోచనకావ్యము లేదు. కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తమ జీవితము నర్పించుటయొక్క లోతు ఇచ్చట తెలియును. రెండవది, చూచి వ్రాయుట, లెక్కతో వ్రాయుట. మూడవది, అనుభవించినవారు చెప్పునప్పుడు మనము నోరుమూసికొని వినుట. వారి కథను మన భాషలోనికి సవరింపక, వారి మాటలలోనే ముద్రించుట.

చదువరులారా, కోయిలకుంట్ల నేడు నంద్యాల జిల్లాలోనిది. నల్లరేగడి నేల యదియే, కుందూనది యదియే. ఆ నేలను తరతరములు దున్నినవారిలో ఎందఱి పేర్లు మన పుస్తకములలో కలవో మీ యింటి పెట్టెలు తెఱచి చూడుడు. ఈ పాఠమును సమావేశములలో చదువువారు క్రింది ప్రశ్నలను విచారింతురుగాక.

మన యింట పనిచేయువారు మనల విడిచిపోదలచినచో, వారిని ఆపునది జీతమా, అప్పా?

మన నోట నాడు తిట్లలో, దాస్యమనుభవించినవారిని నిందించునవి యెన్ని?

మన పెద్దలు వ్రాసిన పత్రములలో నేదైనను, నేడు మన పిల్లలకు బిగ్గఱగా చదివి వినిపించుటకు సిగ్గుపడవలసినది కలదా?

మన యూరిలో, ఈ పాములను నేనేల మోయవలెనని యొకడు రేపు వచ్చి యడిగినచో, పందెపు కథను దాచక చెప్పుటకు మనము సిద్ధముగా నున్నామా?